జ్వరం ఎన్నో రోజు?

పిల్లల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒడిశా సరిహద్దులో ఉన్న మన తెలుగువాళ్లవే. గుణుపూర్, రాయగడ, పర్లాకిమిడి, మల్కన్‌గిరి. నేను కొన్నేళ్లు ఆ వైపు పనిచేశాను కాబట్టి వానలు తగ్గుముఖం పట్టాక అక్కడి పిల్లల వార్డులు ఎలా ఉంటాయో తెలుసు, ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలు, అందరికీ జ్వరమే. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి జ్వరాల గురించే రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది గుణుపూర్ దగ్గర పల్లె. మా బాబుకి ఏడేళ్లు. అక్టోబర్‌లో జ్వరం వచ్చింది. మూడోరోజు ఆశా దీదీ మలేరియా టెస్ట్ చేసి లేదంది. ఐదోరోజు ఆస్పత్రిలో చేర్చాం, ప్లేట్‌లెట్లు 70 వేలు ఉన్నాయి, డెంగ్యూ అయ్యుంటుందన్నారు. తర్వాత వైడాల్ పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. తొమ్మిదోరోజుకి కూడా జ్వరం దిగలేదు, మొహం ఉబ్బింది, ఆయాసం వచ్చింది. భయపడి శ్రీకాకుళం తీసుకెళ్తే అక్కడి డాక్టర్ గారు బాబు బట్టలన్నీ విప్పించి, మొలతాడు కింద నల్లటి పక్కు చూపించి స్క్రబ్ టైఫస్ అన్నారు. మందు పడిన రెండోరోజుకే జ్వరం పోయింది. మూడు పేర్లు చెప్పాక నాలుగోది తేలింది. మొదటివాళ్లు పొరపాటు చేశారా? ఆ మచ్చ నేను స్నానం చేయించేటప్పుడే చూశాను, గీసుకుందేమో అనుకున్నాను. తప్పు నాదేనా? ఇంకోటి, ఈ మందు వల్ల పళ్లు రంగు మారతాయని మందుల షాపతను అన్నాడు, నిజమేనా?

జవాబు: తప్పు మీది కాదమ్మా. ఆ పక్కు నొప్పి పెట్టదు, దురద పెట్టదు, పిల్లాడు దాని గురించి ఒక్క మాట కూడా అనడు. మొలతాడు ఒరుసుకుని పుండు పడిందనుకోవడం ఏ తల్లికైనా సహజం. రోజూ పిల్లల్నే చూసే నేను ఒక నాలుగేళ్ల పాపని రెండు రోజులు పరీక్ష చేసి కూడా మెడ వెనక జడ కింద ఉన్న పక్కుని చూడలేదు, మూడోరోజు వాళ్ల అమ్మమ్మ జడ విప్పి దువ్వుతుంటే కనపడింది. ఆ రెండు రోజులు ఆ బిడ్డ పడిన బాధ నాకిప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి జ్వరంతో వచ్చిన ఏ బిడ్డనైనా తలవెంట్రుకల మధ్య నుంచి అరికాళ్ల దాకా చూశాకే కేస్ షీట్ రాయడం మొదలుపెట్టాను.

మొదటివాళ్లది పొరపాటా అని అడిగారు. డెంగ్యూ అనుమానించడం పొరపాటు కాదు. మొదటి నాలుగైదు రోజులు మలేరియా, డెంగ్యూ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ ఒకదాన్ని చూస్తే ఇంకొకటి అనిపించేలా ఉంటాయి. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు, అన్నం సయించకపోవడం, పొట్టలో నొప్పి. ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగ్యూయే అనే మాట ఊళ్లలో బాగా పాతుకుపోయింది గానీ, ఈ నాలుగింటిలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి జబ్బుకి పేరు పెట్టలేం. అదే కాగితంలో ఇంకో రెండు మూడు సంగతులు చూస్తాం. డెంగ్యూలో తెల్లకణాలు కూడా బాగా పడిపోతాయి, స్క్రబ్ టైఫస్‌లో చాలామందికి అవి మామూలుగా గానీ ఎక్కువగా గానీ ఉంటాయి. మలేరియాలో రక్తం తగ్గి బిడ్డ పాలిపోతుంది, ప్లీహం పెరుగుతుంది, ఒక్కోసారి కళ్లు పచ్చబడతాయి. ఇవన్నీ ఆధారాలే గానీ రుజువులు కావు.

నాకు బాధ కలిగింది వైడాల్ దగ్గర. టైఫాయిడ్ క్రిమి మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఉన్నాయా అని ఆ టెస్ట్ చూస్తుంది. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో, ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ వల్ల అది పాజిటివ్ రావచ్చు, పూర్తిగా వేరే జ్వరంలోనూ రావచ్చు, నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో నెగటివ్ రావచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చేయకూడదు. తేల్చేది రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే బ్లడ్ కల్చర్, అది కూడా యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే రక్తం తీస్తే. అన్ని ఆస్పత్రుల్లోనూ కల్చర్ సౌకర్యం ఉండదు, దానికి అక్కడి డాక్టర్ని తప్పుపట్టలేం. కానీ ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. టైఫాయిడ్‌కి వాడే ఇంజెక్షన్ సరిగ్గా పనిచేస్తున్నా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకని డాక్టరూ, ఇంట్లోవాళ్లూ మందు పనిచేస్తుంది, ఆగుదాం అని ఓపిక పడతారు. ఆ ఇంజెక్షన్ స్క్రబ్ టైఫస్ క్రిమిని ఏమీ చేయదు. ఇక్కడ మనం ఎదురుచూస్తున్న ఆ నాలుగు రోజుల్లోనే అది ఊపిరితిత్తుల మీదికి, మెదడు మీదికి, కిడ్నీల మీదికి పోతుంది. మీ బాబు మొహం ఉబ్బడం, ఆయాసం రావడం అందుకే. సరిహద్దు జిల్లాల్లో వానాకాలం తర్వాత ఐదు రోజులు దాటిన జ్వరం, మలేరియా లేదు, మామూలు యాంటీబయాటిక్‌కి లొంగడం లేదు అంటే స్క్రబ్ టైఫస్ మందు ఆలస్యం చేయకుండా మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. టెస్ట్ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు.

స్క్రబ్ టైఫస్ నల్లి కన్నా చాలా చిన్న పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది, కంటికి దాదాపు కనపడదు. పొదలు, గడ్డి, పొలంగట్లు, ఎలుకలు తిరిగే చోట్లు దాని నివాసం. కుట్టిన ఆరు నుంచి ఇరవై రోజుల తర్వాత జ్వరం వస్తుంది కాబట్టి తోటకి వెళ్లిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. బట్ట బిగుతుగా ఉండే చోటా, మడతల్లోనూ కుడుతుంది. చంకలు, గజ్జలు, మొలతాడు కింద, చెవుల వెనక, మగపిల్లల్లో వృషణాల మీద. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు, చుట్టూ ఎర్రగా. చెమట పట్టే మడతల్లో అయితే నల్లగా ఉండదు, పైన ఊడిపోయి తడిగా, పసుపు రంగు అడుగుతో చిన్న పుండులా ఉంటుంది, అందుకే చాలామంది దాటేస్తారు. చాలామంది పిల్లల్లో అసలు మచ్చే కనపడదు, మచ్చ లేదు కాబట్టి ఆ జబ్బు కాదనుకోవడం కూడా పొరపాటే.

పళ్ల సంగతి. స్క్రబ్ టైఫస్‌కి వాడే డాక్సీసైక్లిన్ గురించి ఆ భయం పాత మందుల నాటిది. అదే జాతికి చెందిన టెట్రాసైక్లిన్ ఎదిగే పళ్లకి మరకలు చేసేది. డాక్సీసైక్లిన్ కొద్దిరోజుల కోర్సు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి కూడా ఇవ్వొచ్చని ఇప్పుడు పిల్లల వైద్యుల సంఘాలు ఒప్పుకున్నాయి. కోర్సు మధ్యలో ఆపకండి.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఒకటుంది, ఏ రోజు ఏం జరిగిందో లెక్క రాశారు. ఆ లెక్క ల్యాబ్ కాగితం కన్నా విలువైనది. డెంగ్యూకి ఎన్‌ఎస్‌1 టెస్ట్ మొదటి ఐదు రోజుల్లోనే బాగా పట్టిస్తుంది, ఆ తర్వాత ఐజీఎమ్ అనే యాంటీబాడీ టెస్ట్ చూడాలి. స్క్రబ్ టైఫస్ ఐజీఎమ్ మొదటి వారంలో చాలాసార్లు నెగటివే. మలేరియా స్లైడ్ ఒక్కసారి నెగటివ్ వస్తే సరిపోదు, 12 నుంచి 24 గంటల తేడాతో మూడుసార్లు దాకా చూడాలి. సరైన టెస్టే అయినా చేయకూడని రోజు చేస్తే లేదనే చెబుతుంది. అక్కడి వార్డుల్లో డాక్టర్లు మొదట అడిగేది ‘కేతే దిన హేలా జర?’ అనే. ఎన్ని రోజులైంది జ్వరం అని. నాలుగైదు రోజులండీ అని మనవాళ్లు చెప్పే జవాబులో ఆ నాలుక్కీ ఐదుకీ మధ్య వైద్యమే మారిపోతుంది. జ్వరం మొదలైన తారీఖు, పూట, పిల్లాడి నోట్‌బుక్ వెనక అట్ట మీదైనా సరే రాసిపెట్టండి.

ప్రశ్న: నేను రాయగడ వైపు స్కూల్ టీచర్ని. మా పాపకి మూడువారాల క్రితం ఫాల్సిపేరం మలేరియా వచ్చి మందులు వాడాం, తగ్గింది. ఇప్పుడు మళ్లీ జ్వరం వస్తే కిట్ టెస్ట్‌లో పాజిటివ్ అన్నారు. మందు పనిచేయనట్టేనా?

జవాబు: అలా అనుకోనక్కర్లేదు మాస్టారూ. వేలి మీద చుక్క రక్తంతో చేసే ఆ కిట్ ఫాల్సిపేరం క్రిమి వదిలిన ఒక ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. క్రిమి చచ్చిపోయినా ఆ ప్రొటీన్ రక్తంలో వారాల తరబడి, ఒక్కోసారి నెల దాటి కూడా ఉండిపోతుంది. అంటే ఈ రెండో పాజిటివ్ పాత మలేరియా తాలూకుది కావచ్చు, ఇప్పటి జ్వరం డెంగ్యూనో స్క్రబ్ టైఫసో కావచ్చు. మైక్రోస్కోప్ కింద స్లైడ్ చూపించండి, బతికున్న క్రిమి కనపడిందా లేదా అన్నది అందులో తేలుతుంది. మళ్లీ మలేరియాయే అని స్లైడ్‌లో తేలితే, మొదటిసారి మూడు రోజుల కోర్సు పూర్తిగా లోపలికి వెళ్లిందా, మందు వేసిన అరగంట లోపు పాప వాంతి చేసుకుందా అన్నది డాక్టర్‌కి చెప్పండి. అదే వైవాక్స్ రకం అయితే కాలేయంలో దాక్కున్న క్రిములకి 14 రోజుల ప్రిమాక్విన్ ఇస్తారు, అది ఎగ్గొడితే జ్వరం తిరిగొస్తుంది. ప్రిమాక్విన్ వాడుతుండగా మూత్రం నల్ల టీ డికాక్షన్ రంగులోకి మారితే వెంటనే ఆపి ఆస్పత్రికి రావాలి, జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న పిల్లల్లో ఆ మందు రక్తకణాల్ని పగలగొడుతుంది.

మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరుగుతుందన్న రుజువు రోనాల్డ్ రాస్‌కి దొరికింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే. ఇన్నేళ్లయినా మన్యం పిల్లలు దీనితో చచ్చిపోకూడదు, ఆ మాట మనసులోంచి అంటున్నాను. గవర్నమెంట్ వాళ్లిచ్చిన మందు పూసిన దోమతెరలు కొందరు కూరపాదులకి చుట్టడం నేను చూశాను, దయచేసి పిల్లలకి కట్టండి.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయికి పదేళ్లు, డెంగ్యూ. ఐదోరోజు జ్వరం పూర్తిగా దిగింది, మేం సంతోషించాం, డిశ్చార్జ్ చేయమంటే చేయలేదు. ప్లేట్‌లెట్లు 42 వేలుంటే ఎక్కించమని బతిమాలాం, ఎక్కించలేదు. పైగా ఆరేసి గంటలకోసారి రక్తం తీశారు. బొప్పాయి ఆకు రసం ఇస్తామంటే వద్దన్నారు. మా టెన్షన్ ఎవరూ అర్థం చేసుకోలేదు. ఇప్పుడు బాగానే ఉంది. అయినా ఎందుకలా చేశారు?

జవాబు: మీ అమ్మాయిని చూసిన డాక్టర్లకి నేను దణ్ణం పెడతాను. మీతో కూర్చుని చెప్పే తీరిక వాళ్లకి దొరకలేదు, అది మాత్రం లోటే, ఆ భాగం నేను చెబుతాను.

మిగతా జ్వరాల్లో జ్వరం దిగితే గండం గడిచినట్టు. డెంగ్యూలో గండం మొదలయ్యేదే జ్వరం దిగే రోజు. మూడోరోజు నుంచి ఏడోరోజు మధ్యలో, జ్వరం తగ్గుతున్న 24 నుంచి 48 గంటలు, రక్తనాళాల గోడల్లోంచి రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది. కణాలు లోపలే ఉండిపోయి రక్తం చిక్కబడుతుంది. ఎంత చిక్కబడిందో చెప్పేది హెమటోక్రిట్ అనే లెక్క, దాన్ని పీసీవీ అని కూడా రాస్తారు. ఆరు గంటలకోసారి వాళ్లు చూసింది ప్లేట్‌లెట్ల కోసం కాదు, దానికోసం. మొదట ఉన్నదానికన్నా 20 శాతం పెరిగితే ప్రమాదం. మన ప్రాంతపు పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది, రక్తహీనత. రక్తం తక్కువున్న బిడ్డకి మామూలుగానే 30 ఉంటుంది, అది 36 అయితే కాగితం మీద నార్మల్ అనే ఉంటుంది, కానీ అది సరిగ్గా 20 శాతం పెరుగుదల. అందుకే ఒక్క రిపోర్టు కాదు, వరసగా నాలుగైదు అంకెలు పక్కపక్కన కావాలి.

ప్లేట్‌లెట్లు 42 వేలున్నా ఎక్కడా రక్తం కారకపోతే ఎక్కించనక్కర్లేదు. సుమారు 10 వేలకి పడిపోయినప్పుడో, గట్టిగా బ్లీడింగ్ అవుతున్నప్పుడో ఆలోచిస్తారు. ఎక్కించినవి ఈ జబ్బులో కొద్ది గంటల్లోనే నశించిపోతాయి, పైగా అనవసరపు నీరు, రియాక్షన్ల భయం. డెంగ్యూలో ప్రాణం తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల కొరత కాదు, నీరు ఊరిపోయి బీపీ పడిపోవడం. ఇక ఆ గండం దాటాక బయటికి పోయిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా సెలైన్ పెడుతూనే ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇంకొక్క బాటిల్ పెట్టండి డాక్టర్ గారూ, బిడ్డ నీరసంగా ఉంది అని అడిగే తల్లిదండ్రులకి ఇది ఎన్నోసార్లు చెప్పాను. బొప్పాయి ఆకు రసం చేదుకి బిడ్డ వాంతి చేసుకుంటే ఆ వాంతి జబ్బు వల్లా, రసం వల్లా అన్నది మాకు తెలియకుండా పోతుంది. ఆగకుండా వాంతులు కావడం డెంగ్యూలో ఒక ప్రమాద సూచన, దాన్ని మసకబార్చకూడదు.

ఇంట్లో ఉన్న బిడ్డకి జ్వరం దిగాక పొట్టనొప్పి ఎక్కువైనా, వాంతులు ఆగకపోయినా, చేతులూ కాళ్లూ చల్లబడినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మత్తుగా పడుకున్నా, లేదా దానికి వ్యతిరేకంగా ఊరికే గింజుకుంటూ అసహనంగా ఉన్నా, అర్ధరాత్రయినా ఆటో మాట్లాడుకుని బయల్దేరండి.

ప్రశ్న: మల్కన్‌గిరి జిల్లాలో మా అక్క ఉంటుంది. 2016లో అక్కడ పిల్లలు చాలామంది చనిపోయారు. మెదడువాపు జ్వరమన్నారు, తర్వాత ఏదో గింజ తిన్నారన్నారు. ఏది నిజం? మా అక్క కొడుక్కి నాలుగేళ్లు, భయంగా ఉంది.

జవాబు: రెండూ నిజమే అమ్మా. ఆ ఏడాది అక్కడ వందమందికి పైగా పిల్లలు పోయారు, చాలావరకు గిరిజన పిల్లలే. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ దొరికింది. మిగతావారిలో చాలామందికి కారణం బణ చాకుండా గింజలని నిపుణులు తేల్చారు, మనం కసింద అంటామే, ఇళ్ల చుట్టూ బీడుల్లో పసుపుపచ్చని పూలు పూసే ఆ మొక్క. ఆకలేసిన చిన్నపిల్లలు పచ్చి కాయలు కోసుకు తింటారు. ఆ విషం కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీస్తుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది.

తేడా ఇదీ. కసింద విషంలో ఉన్నట్టుండి వాంతులు, గంటల్లో మగత, ఫిట్స్, కానీ జ్వరం ఉండదు లేదా నామమాత్రం. మెదడువాపులో ముందు రెండు మూడు రోజులు జ్వరం, తలనొప్పి, ఆ తర్వాత మగత. ఒళ్లు తెలియని బిడ్డ వస్తే ముందు చక్కెర చూడాలి, మలేరియా టెస్ట్ చేయాలి, ఎందుకంటే మెదడుకెక్కిన మలేరియా అచ్చం ఇలాగే ఉంటుంది. స్క్రబ్ టైఫస్ కూడా మెదడుకెక్కుతుందని ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో ఏళ్ల తరబడి మెదడువాపుతో పోయిన పిల్లల్ని పరిశీలించాకే గట్టిగా తెలిసింది. వెన్నులోంచి నీళ్లు తీస్తామంటే మనవాళ్లు సంతకం పెట్టరు, కాళ్లు పడిపోతాయని భయం. తీసేది చెంచాడు కూడా ఉండదు, సూది దిగేది వెన్నుపాము ముగిసిపోయిన చోటుకి కింద, ఆ కాస్త నీరూ కొద్ది గంటల్లో మళ్లీ ఊరుతుంది. ఇది చీము పట్టిన మెదడుజ్వరమా, వైరసా అన్నది చాలామందిలో ఆ నీరు చూస్తేనే తెలుస్తుంది, సంతకం పెట్టండి.

మీ అక్కని రెండు పనులు చేయమనండి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ టీకా ఆ జిల్లాలో రెండు డోసులు ఉచితంగా వేస్తారు, 9 నెలలు నిండాక ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఒకటి. బాబు కార్డులో పడ్డాయో లేదో చూసుకుని, పడకపోతే నర్సమ్మని అడగాలి. ఇంటి చుట్టూ కసింద మొక్కలు కాయకముందే పీకేయాలి.

ప్రశ్న: కొరాపుట్ జిల్లా జయపూర్‌లో మా మేనల్లుడికి మూడేళ్లు. ఆరు రోజులుగా జ్వరం, కళ్లు ఎర్రబడ్డాయి, పెదాలు పగిలాయి, ఒంటి మీద దద్దుర్లు. అన్ని టెస్టులూ నెగటివ్. ఏమై ఉంటుంది?

జవాబు: చదవగానే నాకు కవాసాకి జబ్బు గుర్తొచ్చింది. ఇది దోమ వల్లా పురుగు వల్లా వచ్చేది కాదు, రక్తనాళాల వాపు. ఐదు రోజులు దాటిన జ్వరం, పుసి లేకుండా ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదాలు, ఎర్రటి నాలుక, చేతులూ పాదాలూ ఉబ్బడం, మెడలో గడ్డ. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కిస్తే గుండె రక్తనాళాలు దెబ్బతినే ప్రమాదం బాగా తగ్గుతుంది. కోవిడ్ తర్వాత కొందరు పిల్లల్లో వచ్చిన జబ్బు కూడా ఇలాగే ఉండేది, స్క్రబ్ టైఫస్ కూడా ఒక్కోసారి ఈ వేషంలో వస్తుంది, కాబట్టి పేరు నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. ఈ పత్రిక మీ చేతికొచ్చేదాకా ఆగకూడదని మీ నంబర్‌కి ఉత్తరం అందిన రోజే ఫోన్ చేయించాం. కొరాపుట్ మెడికల్ కాలేజీకో విశాఖ కేజీహెచ్‌కో తీసుకెళ్లి గుండెకి ఎకో స్కాన్ చేయించండి.

ప్రశ్న: జ్వరం 103 ఉంటే పారాసిటమాల్ పనిచేయడం లేదు, షాపులో ఇంకో సిరప్ కలిపి ఇస్తున్నారు. వాడొచ్చా?

జవాబు: ఈ సీజన్‌లో వద్దు. ఆ రెండోదాంట్లో ఐబుప్రొఫెన్‌గానీ మెఫనమిక్ యాసిడ్‌గానీ ఉంటుంది, డెంగ్యూ అయితే బ్లీడింగ్ ఎక్కువవుతుంది. ఆస్పిరిన్ డాక్టర్ చెప్పకుండా అసలొద్దు. పారాసిటమాల్ బిడ్డ బరువులో ప్రతి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకి నాలుగుసార్లకి మించకుండా. సీసా మీద 5 మిల్లీలీటర్లలో ఎంత మందుందో చూడండి, 120 అని కొన్నిటి మీద, 250 అని కొన్నిటి మీద ఉంటుంది, అదే చెంచా కదా అని పోస్తే డోసు రెట్టింపైపోతుంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆ సీసా కూడా పట్టుకెళ్లండి.